తెలుగు మీడియం నుంచి పీహెచ్‌డీకి వచ్చాను, ఇంగ్లీష్‌లో చాప్టర్ రాయాలంటే చెయ్యి కదలడం లేదు

మెట్టపొలం (ప్రశ్న)

నమస్కారం అండీ. హైదరాబాద్‌లో ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. పదో తరగతి వరకు మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్. ఇంటర్, డిగ్రీ తెలుగు మీడియం. ఎంఏ పరీక్షలు కూడా తెలుగులోనే రాశాను, మా యూనివర్సిటీలో ఆ వీలు ఉండేది. యూజీసీ నెట్ పరీక్ష అంతా బిట్లే కాబట్టి గట్టెక్కాను. అసలు కష్టం ఇప్పుడు మొదలైంది.

నా టాపిక్ గోదావరి డెల్టాలో కౌలు రైతులు. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం కింద పంట సాగుదారులకు ఇచ్చే సీసీఆర్‌సీ (పంట సాగుదారు హక్కుల) కార్డు ఉంది కదా, 11 నెలలకు ఇచ్చేది, అది ఎవరి చేతికి వస్తోంది, ఎవరికి రావడం లేదు, ఎందుకు అన్నది నేను చూస్తున్నాను. ఫీల్డ్‌వర్క్ అయిపోయింది. రైతులతో, ఓనర్లతో, వీఆర్వోలతో మాట్లాడిన నోట్స్ కట్టలు కట్టలు ఉన్నాయి. దీని గురించి రావిచెట్టు కింద కూర్చుని చెప్పమంటే పొద్దుగూకే దాకా చెబుతాను. లాప్‌టాప్ తెరిచి ఇంగ్లీష్‌లో మొదటి వాక్యం కొట్టగానే మాత్రం ఆగిపోతాను. ముందు 'ది' పెట్టాలా వద్దా అన్న దగ్గరే పది నిమిషాలు. రాస్తాను, చెరిపేస్తాను. గుండె దడ, అరచేతుల్లో చెమట. ఇక ఆ పూటకు రాత మానేసి టేబుళ్ళకు గీతలు సరిచేసుకుంటూ, రిఫరెన్సుల్లో కామాలు చూసుకుంటూ కూర్చుంటాను. సాయంత్రానికి పని చేసినట్టే ఉంటుంది, పేజీ మాత్రం ఖాళీ.

ఇంతకు ముందు ఇచ్చిన డ్రాఫ్ట్ మా గైడ్ గారి దగ్గర్నుంచి వెనక్కి వచ్చింది. మార్జిన్ నిండా 'లాంగ్వేజ్', 'రీఫ్రేజ్', 'గ్రామర్'. నేను కనుక్కున్న విషయం గురించి ఒక్క ముక్క లేదు. సీనియర్ ఒకాయన జాలిగా "టాపిక్ బాగుంది, ఎవరికైనా డబ్బులిచ్చి ఇంగ్లీష్ రాయించుకో" అన్నారు. వచ్చే నెలలో ఆర్‌ఏసీ (మా రీసెర్చ్ చూసే సలహా కమిటీ) మీటింగ్. రిపోర్ట్ ఇవ్వాలి, ప్రెజెంటేషన్ చెయ్యాలి.

ఈ దశ దాటిన వాళ్ళు ఎవరైనా ఉన్నారా? అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేరితే పనికొస్తుందా? తెలుగులో రాసుకుని ట్రాన్స్‌లేటర్‌లో వేసుకోవడం తప్పా?

కుండబద్దలు

చేదుగా ఉన్నా చెబుతాను. జర్నల్ ఎడిటర్‌కు మీ ఊరి హైస్కూల్ గురించి అక్కర్లేదు. ఇంగ్లీష్ బాగాలేకపోతే పేపర్ తిరిగొస్తుంది. నేనూ తెలుగు మీడియమే, శ్రీకాకుళం జిల్లా. రోజూ ఇంగ్లీష్ పేపర్‌లో ఎడిటోరియల్ చదివి, కొత్త పదాలు నోట్‌బుక్‌లో రాసుకుని బట్టీ పట్టాను. భయం గియం అంటూ కూర్చుంటే పీహెచ్‌డీకి ఉన్న ఆరేళ్ళు ఇట్టే అయిపోతాయి. కష్టపడండి, వస్తుంది.

ఎల్‌కేజీ_బ్యాచ్

నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఎంఫిల్ డిజర్టేషన్ రాసేటప్పుడు నాకూ ఇదే దడ, ఇదే టేబుళ్ళ సర్దుడు. తేడా ఒక్కటే. నేను తప్పు రాస్తే "టైపింగ్ మిస్టేక్" అంటారు. మీరు అదే తప్పు రాస్తే "మీడియం ప్రాబ్లమ్" అంటారు. ఈ రెండోది విని విని మనిషి రాయడానికే జంకుతాడు. కుండబద్దలు గారు కష్టపడమంటున్నారు, మెట్టపొలం గారు పడుతున్నది కష్టం కాక ఇంకేమిటి?

ఎర్రసిరా

అమ్మా మెట్టపొలం, నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఇంగ్లీష్ చెప్పే దాన్ని. నువ్వు అని పిలుస్తాను, ఏమనుకోకు, మా పిల్లలతో మాట్లాడినట్టే రాస్తాను.

ముందు ఒక సంగతి. రాత అంటే ఉండే ఈ భయాన్ని కొలవడానికి పేరుపడ్డ ప్రశ్నావళి 1975లో డేలీ, మిల్లర్ అని ఇద్దరు తయారు చేశారు, 26 వాక్యాలు ఉంటాయి. ఎవరి కోసం చేశారనుకున్నావు? అమెరికాలో, ఇంగ్లీషే మాతృభాష అయిన కాలేజీ పిల్లల కోసం. సొంత భాషలో రాయడానికే వాళ్ళకంత బెంగ. రెండో భాషలో రాసేవాళ్ళ కోసం 2004లో తైవాన్ నుంచి చెంగ్ వేరే కొలత తెచ్చారు. అందులో భయాన్ని మూడు రకాలుగా విడదీశారు. ఒంట్లో కనిపించేది, అంటే నీ దడ, చెమట. బుర్రలో తిరిగేది, అంటే చదివేవాళ్ళు ఏమనుకుంటారో అన్న ఆలోచన. మూడోది తప్పించుకు తిరగడం. నీకు మూడూ ఉన్నాయి కానీ, నీ పని తినేస్తున్నది మూడోదే. టేబుళ్ళకు గీతలు సరిచేయడం అంటే అదే. చూసేవాళ్ళకు బద్ధకం అనిపించదు, నీకూ అనిపించదు. అందుకే అది ప్రమాదం.

ఇదెక్కడిదో కూడా చెబుతాను, ఇందులో మా మేష్టార్ల వాటా పెద్దది. ఇంటర్‌లో ఇంగ్లీష్ పేపర్‌కు నువ్వు ఏం చేశావు? ఆల్ ఇన్ వన్ గైడ్ తీసి, వ్యాసం బట్టీ పట్టి, పరీక్షలో దించావు. సొంతంగా రాసిన పిల్లాడికి తప్పుకో మార్కు కోసేశాం, బట్టీ పట్టి దించినవాడికి ఫుల్ మార్కులేశాం. డిగ్రీలోనూ అంతే. నీ అంతట నువ్వు ఆలోచించి ఇంగ్లీష్‌లో ఒక వాక్యం రాయమని ఎవరైనా అడిగారా? మొట్టమొదటిసారి అడుగుతున్నది పీహెచ్‌డీలో. అదీ ఏకంగా రెండొందల పేజీలు. దడ రాకపోతే ఆశ్చర్యపోవాలి.

స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు డబ్బులు దాచుకో. ఇంటర్వ్యూకు వెళ్ళేవాళ్ళకు అది పనికొస్తుందేమో, చాప్టర్ రాయడం వేరే విద్య.

ఒక పని చెయ్యి. గైడ్ గారు ఎర్రగీత పెట్టిన వాక్యం ఒకటి తెచ్చి ఇక్కడ పెట్టు. దిద్దకుండా, ఉన్నదున్నట్టు.

మెట్టపొలం

సిగ్గుగానే ఉంది మేడమ్, అయినా పెడుతున్నాను:

"ఇట్ ఈజ్ పర్టినెంట్ టు మెన్షన్ హియర్ దట్ ద నాన్-ఇష్యూయెన్స్ ఆఫ్ కార్డ్ టు ద టెనెంట్ ఈజ్ బీయింగ్ అకర్డ్ డ్యూ టు నాన్-విల్లింగ్‌నెస్ ఆఫ్ ద ల్యాండ్ ఓనర్ ఫర్ సిగ్నేచర్."

ఎర్రసిరా

బంగారం లాంటి వాక్యం తెచ్చావు. ఇందులో మాట్లాడుతున్నది నువ్వు కాదమ్మా, తహసీల్దార్ ఆఫీసు ఫైలు. ఇదే సంగతి నాకు తెలుగులో చెప్పు, అరుగు మీద కూర్చుని చెప్పినట్టు.

మెట్టపొలం

భూమి ఓనరు సంతకం పెట్టడు మేడమ్. పెడితే రేపు కౌలుదారు పొలం తనదంటాడేమోనని భయం. ఓనరు హక్కుకు ఢోకా లేదని చట్టంలో ఉన్నా నమ్మరు. సంతకం లేనిదే కార్డు రాదు. కార్డు లేకపోతే బ్యాంకులో పంట రుణం అడగడానికి కాగితమే ఉండదు.

ఎర్రసిరా

చూశావా, ఐదు చిన్న వాక్యాలు. ఎవరు, ఏం చేస్తున్నారు, ఎందుకు, దానివల్ల ఏమవుతోంది, అన్నీ ఉన్నాయి. ఇప్పుడు దీన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీష్‌లోకి దించు:

"ల్యాండ్‌ఓనర్స్ రెఫ్యూజ్ టు సైన్. దే ఫియర్ దట్ ద టెనెంట్ విల్ లేటర్ క్లెయిమ్ ద ల్యాండ్, దో ద యాక్ట్ ప్రొటెక్ట్స్ ద ఓనర్స్ టైటిల్. వితౌట్ ద సిగ్నేచర్ దేర్ ఈజ్ నో కార్డ్. వితౌట్ ద కార్డ్ ద టెనెంట్ హాజ్ నో పేపర్ టు షో ద బ్యాంక్."

ఇందులో నీకు రాని మాట ఒక్కటుందా? లేదు. అంటే ఇంగ్లీష్ చాలక కాదు నువ్వు ఆగిపోతున్నది. భయం వేసినప్పుడల్లా నీకున్న ఇంగ్లీష్ వదిలేసి, లేని ఇంగ్లీష్ కోసం పాకులాడుతున్నావు. 'పర్టినెంట్ టు మెన్షన్', 'నాన్-ఇష్యూయెన్స్' అవన్నీ అరువు నగలు. వాటి బరువుకే వాక్యం కూలబడుతోంది. కూలబడింది కాబట్టి గైడ్ ఎర్రగీత పెట్టారు. ఎర్రగీత చూసి నీకు ఇంకా భయం వేసింది, ఈసారి ఇంకా బరువైన మాటలు వెతికావు. ఏళ్ళ తరబడి నా క్లాసుల్లో చూసిన తంతే ఇది. ఎడిటోరియల్ పదాలు బట్టీ పట్టమన్న కుండబద్దలు గారికి కూడా ఇదే జవాబు. చదవండి, శుభ్రంగా చదవండి. ఆ పదాలన్నీ మన వాక్యంలో దూర్చాలనుకుంటేనే చిక్కు.

ఇంకో చిక్కు మన భాష అలవాటు. తెలుగులో 'వెళ్ళి, అడిగి, చూసి, రాసుకుని వచ్చాను' అని ఎంత పొడుగైనా లాగి చివర్లో ఒక్క క్రియతో ముగించొచ్చు, చదివేవాడికి కష్టం ఉండదు. ఇంగ్లీష్‌లో చదివేవాడికి ఎవరు, ఏం చేశారు అన్నది వాక్యం మొదట్లోనే కావాలి. కాబట్టి ముక్కలు చెయ్యి. 'ఎ', 'ది' సంగతి అన్నిటికంటే ఆఖర్న చూద్దువుగాని. మన భాషలో ఆ వస్తువే లేదు, అలవాటు కావడానికి టైం పడుతుంది. ఆర్టికల్ తప్పిందని థీసిస్ ఫెయిలైన వాళ్ళను నేను చూడలేదు.

రోజూ రాత మొదలుపెట్టేటప్పుడు మొదటి అరగంట ఈ నియమం పెట్టుకో: చెరపకూడదు. తెలుగు, ఇంగ్లీష్ ఏది వస్తే అది. మాట తట్టకపోతే గీత గీసి ముందుకెళ్ళు. లాప్‌టాప్ మీద చెయ్యి ఆగుతుంటే తెల్లకాగితం, పెన్ను తీసుకో, కాగితం మీద బ్యాక్‌స్పేస్ ఉండదు. దిద్దడం మధ్యాహ్నం పెట్టుకో. రాసే మనిషి, దిద్దే మనిషి ఒకే బల్ల దగ్గర కూర్చుంటే పని జరగదు.

గైడ్ గారి సంగతి. ఆయన చెడ్డవారని నేననను. చేతిలోకి ముప్ఫై పేజీలు వస్తే ఎవరి కంటికైనా ముందు భాష తప్పులే పడతాయి, వాటిని గుర్తించడం తేలిక కాబట్టి. ఈసారి ముప్ఫై ఇవ్వకు, మూడు ఇవ్వు. పైన ఒక వాక్యం రాయి: "సార్, భాష నేను మళ్ళీ దిద్దుతాను. ఓనర్ల భయమే అసలు కారణమన్న నా వాదన నిలుస్తుందా, ఈ ఒక్కటి చూడండి." ఏం చూడాలో చెబితే చాలామంది అదే చూస్తారు.

చలిదేశం

జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నాను, మచిలీపట్నం నుంచి వచ్చాను. మా క్లాసులో జర్మన్ పిల్లలకూ థీసిస్ ఇంగ్లీష్‌లో రాయాలంటే బెంగే. ఇక్కడ నాకు నచ్చినది రైటింగ్ సెంటర్. డిపార్ట్‌మెంట్‌తో సంబంధం ఉండదు, మార్కులు వేసేవాళ్ళు కాదు, అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్తే మన పేజీ ముందు పెట్టుకుని మాట్లాడతారు. దిద్దిపెట్టరు, "ఇక్కడ మీరు ఏం చెప్పాలనుకున్నారు?" అని అడుగుతారు. ఎర్రసిరా మేడమ్ పైన చేసింది అచ్చంగా అదే.

ఇంకో సరదా సంగతి. పోలండ్ సరిహద్దులో ఇంకో ఫ్రాంక్‌ఫర్ట్ ఉంది, విమానాలు దిగేది కాదు, ఓడర్ నది ఒడ్డున ఉన్నది. అక్కడి వియాడ్రినా యూనివర్సిటీ రైటింగ్ సెంటర్ 2010లో ఒక రాత్రి కార్యక్రమం మొదలుపెట్టింది. వాయిదా వేసుకుంటూ వచ్చిన అసైన్‌మెంట్లు ఉన్న పిల్లలంతా పొద్దుపోయే దాకా ఒక చోట కూర్చుని రాసుకుంటారు, సాయానికి ట్యూటర్లు తిరుగుతుంటారు. తర్వాత అది చాలా యూనివర్సిటీలకు పాకింది. మార్చి మొదట్లో జరుగుతుంది. నేను వెళ్ళినప్పుడు గమనించింది ఏమిటంటే, పక్కన నలుగురు తల గోక్కుంటూ కనిపిస్తే మన సిగ్గు సగం పోతుంది. మీ హాస్టల్‌లో ఇద్దరు ముగ్గురు రీసెర్చ్ స్కాలర్లు కలిసి మెస్ హాల్‌లో కూర్చున్నా చాలు, యూనివర్సిటీ పెట్టేదాకా ఆగనక్కర్లేదు.

ఎల్‌కేజీ_బ్యాచ్

ట్రాన్స్‌లేటర్ గురించి అడిగారు, దానికెవరూ జవాబు చెప్పలేదు. సొంత తెలుగు రాతను ఇంగ్లీష్ చేసుకోవడం దొంగతనమేమీ కాదు. మీ యూనివర్సిటీ నియమాలు మాత్రం చూసుకోండి, ఏఐ వాడితే చెప్పాలని కొన్నిచోట్ల అడుగుతున్నారు. నా అనుభవంలో అసలు ప్రమాదం వేరు. నేను "కొందరు ఓనర్లు" లాంటి జాగ్రత్త మాట పెడితే, ట్రాన్స్‌లేటర్ నునుపు చేసే ఊపులో దాన్ని "చాలామంది" చేసేసింది. ఇంగ్లీష్ అద్దంలా మెరిసిపోతోంది, డేటాలో లేని సంగతి వచ్చి కూర్చుంది. వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో) దానికి జవాబు చెప్పుకోవాల్సింది మనమే, యాప్ రాదు. వాక్యం వాక్యం పక్కన పెట్టి చూసుకునే ఓపిక ఉంటేనే వాడండి.

భయంతో చేసే ఇంకో పని ఉంది, అది మాత్రం వద్దు. శోధ్‌గంగలో (పీహెచ్‌డీ థీసిస్‌లు ఉండే వెబ్‌సైట్) మన టాపిక్ థీసిస్ తెరిచి, బాగున్న వాక్యం ఎత్తుకుని రెండు మాటలు మార్చి పెట్టడం. నా బ్యాచ్‌లో ఒకరు ఇలాగే ఇరుక్కున్నారు. 2018 యూజీసీ నియమాల ప్రకారం ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాకా ఉంటే జరిమానా లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే గడువు ఇచ్చి మళ్ళీ రాయించుకుంటారు, ఆ గడువు 6 నెలలు మించదు. ఆ పైన ఇంకా కఠినం. శోధ్‌గంగను వేరే రకంగా వాడుకోండి. అక్కడ ఒక్కో పేరా ఎలా మొదలవుతోందో, పాత పరిశోధనను ఎక్కడ ఒప్పుకుంటున్నారో, ఎక్కడ "కానీ" అంటున్నారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. పద్ధతి తీసుకోండి, వాక్యాలు అక్కడే వదిలేయండి.

కుండబద్దలు

సరే, ఎర్రసిరా మేడమ్ వాక్యం విప్పిన తీరు చూశాక నా మాట కొంచెం సడలిస్తున్నాను. నా మొదటి పేపర్‌లో 'ప్లెథోరా' అన్న మాట ప్రతి పేజీలోనూ ఉండేది. కష్టపడకుండా మాత్రం రాదు, ఆ మాట మీదే ఉన్నాను.

ఎర్రసిరా

కష్టం వద్దని ఎవరన్నారు నాయనా. పనికొచ్చే చోట పడమంటున్నాను.

మెట్టపొలం

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. ఈ థ్రెడ్ మా హాస్టల్‌లో ఇద్దరికి చూపించాను, ఇద్దరూ సైన్స్ వాళ్ళే, ఇద్దరిదీ ఇదే గోల. రాత్రి భోజనాల తర్వాత మెస్‌లో కూర్చుంటున్నాం. ఒకమ్మాయి తెలుగు, ఇంగ్లీష్, ఈక్వేషన్లు కలిపి రాసేస్తోంది, చూడటానికి భలేగా ఉంది. దడ పూర్తిగా పోలేదు. పేజీ మాత్రం ఖాళీగా ఉండటం లేదు.

మేడమ్ చెప్పినట్టే మూడు పేజీలు, పైన ఒక ప్రశ్న పెట్టి గైడ్ గారికి పంపాను. ఈసారి గ్రామర్ గురించి రెండు చోట్ల మాత్రమే రాశారు. కింద పెద్ద ప్రశ్న వేశారు: "సొంత ఊళ్ళో ఉండే ఓనరు, హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండే ఓనరు, ఇద్దరూ ఒకే కారణంతో సంతకం పెట్టడం లేదా?" నా నోట్స్‌లో దానికి సగం జవాబు ఉంది. మిగతా సగం కోసం మళ్ళీ ఊళ్ళకు వెళ్ళాలి. ఆర్‌ఏసీలో అదే చెప్పమన్నారు.

ఇంకో డౌట్. రైతులు చెప్పిన మాటలు కోట్ చెయ్యాలి కదా, థీసిస్‌లో తెలుగు లిపిలోనే పెట్టొచ్చా? ఇంగ్లీష్ అనువాదం ఒక్కటే పెడితే వాళ్ళ గొంతు పోతోంది.

ఎల్‌కేజీ_బ్యాచ్

చాప్టర్‌లో మీ అనువాదం, వెనక అనుబంధంలో తెలుగు మూలం, రెండింటికీ ఒకే నంబరు. మా డిపార్ట్‌మెంట్‌లో అలాగే ఒప్పుకున్నారు. ఫాంట్ యూనికోడ్‌లోనే పెట్టండి, యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లు పెడితే వేరే కంప్యూటర్‌లో పిచ్చి గీతలు వస్తాయి. సబ్మిట్ చేసే ముందు పీడీఎఫ్ ఒకసారి ఫోన్‌లో తెరిచి చూసుకోండి.